మామ పిలవడానికి వస్తానన్న ఆదివారం

తిరుపతి,
2 జూలై 2024

తమ్ముడు ఆనందుకు,

ప్రేమానందం అని నీ పూర్తి పేరు పలికేది ఇప్పుడు పోలీసులూ కోర్టువాళ్లే. కాబట్టి నేను ఆనందు అనే రాస్తాను. ప్రభువు ఆ గోడల లోపలికి కూడా వస్తాడు, ఆయనకు ములాఖత్ చీటీ అక్కర్లేదు.

మొన్న చిత్తూరు వచ్చి చూసిందీ చూడనట్టే అయింది. జాలీకి అటు నువ్వు, ఇటు నేను, చుట్టూ అందరి కేకలు. "స్రవంతి యాడ?" అని నువ్వు అడిగింది ఒక్కటే వినబడింది. నేను చెప్పింది నీకు వినబడినట్టు లేదు. అందుకే జాబు రాస్తున్నాను. ఈ కాలంలో జాబులేందక్కా అని మా వార్డులో నర్సు పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ.

స్రవంతి నా దగ్గరే ఉంది. ఆరో నెల. బాగుంది. తింటోంది, పడుకుంటోంది. ఆ పిల్ల నా కళ్లెదుటే ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లందరి పురుళ్లూ చూసే మిడ్‌వైఫ్ ఆడబిడ్డ ఇంట్లో ఉండగా నీకెందుకు బెంగ?

నీ లోడు వ్యాను ఇంటి ముందే ఉంది. అద్దం మీద దుమ్ములో వీధి పిల్లలు ఏనుగు బొమ్మ వేశారు. తుడవబుద్ధి కాలేదు. తోతాపురి మామిడి సీజనంతా అది కదలకుండా నిలబడిపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. మీ మామ ధనంజయ పెనుమూరు తోటలో తల పగిలి చచ్చి పడి ఉండటం చూసి నేటికి నెల. ఆ ఆదివారం పొద్దున నువ్వు తోట గేటు కాడ నిలబడి ఉండగా చూసినవాళ్లున్నారు. ఇంటికొచ్చి మాత్రం స్రవంతితో రేణిగుంటకు లోడు తోలానన్నావు. ఆయన నిన్ను ఒక్కరోజూ అల్లుడా అనలేదు. కులం తక్కువని, చర్చికి పోయేవాడని గడప తొక్కనివ్వలేదు. అది ఊరంతా ఎరుగుదురు. పోలీసులకు ఇంకేం కావాలి?

నువ్వు చంపావని నేను అనుకోను. క్రిస్మస్‌కు కోడిని కోయమంటే చర్చి వెనక దాక్కున్న మొనగాడివి. కానీ అబద్ధం ఎందుకు చెప్పావో నాకు తెలియాలి. రాయి.

మీ అక్క,
కృపామణి


చిత్తూరు,
11 జూలై 2024

అక్కకు వందనాలు.

నీ జాబు విప్పి, చదివి, ముద్ర వేసి ఇచ్చారు. నా జాబు కూడా అంతే. ఇద్దరి మధ్య మూడో మనిషి కూర్చుని వింటున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఫోను ఉంది గానీ వెనక నిలబడ్డ వాళ్ల తొందరలో లాయరు రాజారత్నం సార్‌తో నాలుగు మాటలు మాట్లాడేసరికే అయిపోతుంది.

పగలు ఎట్లో గడుస్తుంది. సాయంత్రమే కష్టం. ఆ వేళకు వ్యాను దిగి లోపలికొస్తే స్రవంతి చెంబుతో నీళ్లు ఇచ్చి, నా చొక్కా వాసన చూసి, ఈ దినం ఏ తోట కాయలో చెప్పేది. రైతు బిడ్డ గదా, ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఇప్పుడు నా చొక్కాకు ఏ వాసనా లేదు.

నువ్వడిగింది చెబుతాను. పోలీసులకు చెప్పాను, నమ్మలేదు. శనివారం మా మామ ఫోన్ చేశాడు. "అల్లుడా" అన్నాడు. ఎవరో అనుకుని ఎవరు కావాలి అన్నాను. "నేనేరా, ధనంజయను. దానికి తొలికాన్పు పుట్టింట్లోనే జరగాల. రేపు పొద్దున తోట కాడికి రా, ఇద్దరం కలిసిపోయి దాన్ని పిలుచుకోని వద్దాం. దాని దగ్గిర చెప్పొద్దు. నేనే గడప కాడ నిలబడి పిలస్తా" అన్నాడు.

పోయాను. గేటుకు లోపల గొళ్లెం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎండెక్కేదాకా నిలబడ్డాను. మనసు మారినట్టుందని వచ్చేశాను. మీ నాయన పిలవడానికి వస్తానని రాలేదే అని కడుపుతో ఉన్నదానికి ఎట్ల చెప్పేది? రేణిగుంట అన్నాను. జరిగింది ఇంతే.

ఈ జాబు స్రవంతికి చదివి వినిపించు. తరువాతి ములాఖత్‌కు పిలుచుకొని రా. జాలీలోంచి చూసినా చాలు.

ఆనందు


తిరుపతి,
22 జూలై 2024

ఆనందుకు,

నీ జాబు అందింది. నీ క్షేమం స్రవంతికి చెప్పాను. సంతోషించింది. నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇప్పుడు ప్రయాణం వద్దు. బస్సు కుదుపులు మంచివి కావు. నేనే వీలు చూసి వస్తాను.

ఇక్కడ వానలు లేవు, ఉక్క. నిన్న వార్డులో ఒక తల్లి, గూడూరు నుంచి వచ్చింది, నొప్పుల్లో నా చెయ్యి పట్టుకుని "నువ్వు పోతే నేనూ లేచి వచ్చేస్తా" అని బెదిరించింది. పోలేదు. నా డ్యూటీ అయిపోయినా దాని బిడ్డ ఏడ్చేదాకా అక్కడే ఉన్నాను. బిడ్డ పుట్టాక నన్ను గుర్తుపట్టనే లేదు! మా పని అట్లాంటిది.

స్వెటరు పంపుతున్నాను, వచ్చే చలికాలానికి కాదు. దేవుడి దయవల్ల నీకు అప్పటికి దాని అవసరం ఉండదు. అక్కడ నేల మీద పడుకుంటావు కదా, తలకింద పెట్టుకో.

కృపామణి


చిత్తూరు,
16 ఆగస్టు 2024

కృపామణి గారికి,

కొత్తగా ఒకాయన మా బ్యారక్‌కు వచ్చాడు. పెనుమూరు మనిషి, గోవిందస్వామి. స్రవంతి పెనుమూరుకు వచ్చి గాజులు తొడిగించుకొని, తలనిండా పూలు పెట్టించుకొని పోయిందని చెప్పాడు. పక్కన మీరున్నారని కూడా చెప్పాడు.

చిత్తూరుకు రావడానికి బస్సు కుదుపులు. పెనుమూరుకు పోతే కుదుపులు ఉండవా?

మొన్న రాజారత్నం సార్ కోర్టు కాగితాలు చూపించాడు. అందులో నా భార్య వాంగ్మూలం ఉంది. మా ఆయన రేణిగుంటకు పోయినానని చెప్పినాడు, తోటకు పోయినట్టు నాకు తెలియదు అని. బెయిలు రాకపోవడానికి అదీ ఒక కారణమంట. ఆ జాబు విన్న తర్వాత కూడా ఆమె నా కోసం ఒక్క మాట పలకలేదంటే నన్ను నమ్మలేదనే కదా అర్థం. అల్లుడు హంతకుడనే వాళ్ల ఇంటికి పోయి గాజులు వేసుకుంది. బాగుంది. గాజులు ఏ రంగువో రాయండి, ఇక్కడ కూర్చుని ఊహించుకుంటాను.

మీకు నా వల్ల ఉద్యోగంలో తలవంపులు అయితే జాబులు మానేయండి. నాకేం కోపం లేదు.

ప్రేమానందం


తిరుపతి,
20 ఆగస్టు 2024

ఒరే ఆనందూ,

"గారికి" అంటావురా నన్ను? నీ ముక్కు తుడిచిన చేతికి? జైల్లో ఉన్నావు కాబట్టి బతికిపోయావు, లేకుంటే చెంప పగిలేది.

గాజులు ఆకుపచ్చవి. ఇప్పుడు విను.

స్రవంతికి బీపీ ఎక్కుతోంది. జూన్ చివర మొదలైంది. కాళ్లు వాచాయి, మూత్ర పరీక్ష కూడా బాగా రాలేదు. ఇట్లాంటి కేసుల్లో తలనొప్పి, కళ్లు మసకలు, తర్వాత ఫిట్స్, తల్లీబిడ్డా ఇద్దరూ ప్రమాదంలో పడతారు. పోయినసారి నాలుగో నెలలో బిడ్డ పోయింది నీకు తెలుసు. మందులు రాసేది మా డాక్టరమ్మ. పక్కన కూర్చునేది నేను. పొద్దునా సాయంత్రం బీపీ చూస్తాను, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతాను, బిడ్డ కదులుతున్నదా అని అడుగుతాను, ఆమె ఏడిస్తే ఏడవనిస్తాను. బాగుంది అని నీకు రాశాను. లోపల ఉండి నువ్వేం చేయగలవని రాయలేదు.

ఆ పిల్ల పుట్టింటి గాజుల కోసం అలమటించిపోయింది. నాయన పోయాడు, అమ్మ ఫోన్ ఎత్తదు. చివరికి వాళ్ల పక్కింటి దేవకమ్మ, మీ అత్త గాజులు తెచ్చి తన దగ్గర పెట్టిందని, వచ్చి తొడిగించుకోమని కబురు చేసింది. డాక్టరమ్మను బతిమాలి, కారు మాట్లాడుకుని మెల్లగా తీసుకుపోయాను. దేవకమ్మ వసారాలోనే తొడిగింది. మీ అత్త సుబ్బులమ్మ పసుపు కుంకుమ పోయిన మనిషి, శుభానికి రాకూడదంట. తన ఇంటి తలుపు వెనక నిలబడి చూసింది. కొంగు కనబడింది, మనిషి కనబడలేదు. స్రవంతి ఆ తలుపు వైపు చేతులెత్తి గాజులు చూపించింది. మీ బామ్మర్ది మోహన ఇంట్లో లేడు.

అక్కణ్నించి చిత్తూరు ఎంత దూరం? "వదినా, ఈ గాజులు ఆయనకు చూపించి పోదాం" అంది. కారు చిత్తూరు దారి పట్టింది. దారిలో తలనొప్పి అంది, ఎదురుగా వచ్చే లారీ రెండుగా కనబడుతోంది అంది. నేనే కారు తిప్పించాను. ఆమె తిట్టింది నన్ను. అప్పట్నించి ఆసుపత్రి మంచం మీదే ఉంది.

ఇక వాంగ్మూలం. పోలీసులు అడిగితే ఉన్నది చెప్పింది. అబద్ధం నీది, ఆమెది కాదు.

నీ జాబు ఆమెకు చదవలేదు. ఇది నా పని, ఆమె తప్పేం లేదు. నిజం చెబుతున్నాను, ధనంజయ అల్లుడా అన్నాడంటే నాకే నమ్మకం కుదరలేదు. నీకు తోచక చెప్పుకున్నావేమో అనుకున్నాను. మీ నాయన నిన్ను పిలవడానికి బయల్దేరాడమ్మా అని చెప్పి, రేపు అది నిజం కాదని తేలితే ఆ పిల్ల ఏమైపోతుంది? బీపీ చూసే యంత్రం చేతిలో పెట్టుకుని ఆ మాట ఎట్లా చెప్పేది?

ఇప్పుడు కోప్పడు. కోప్పడినా "అక్కా" అనే రాయి.

కృపామణి


చిత్తూరు,
29 ఆగస్టు 2024

అక్కా,

నీ జాబు చదివి గోడకు తిరిగి పడుకున్నాను. గోవిందస్వామి ఏందబ్బా జ్వరమా అన్నాడు.

చిత్తూరు దారి దాకా వచ్చిందా? నాకు ఎవరూ చెప్పలేదే. ఆ రోజు నేను ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఏదీ గుర్తు రావడం లేదు. ఇక్కడ రోజులన్నీ ఒకటే.

నాకు బెయిలు వద్దు, ఏమీ వద్దు. ఆమె బతకాలి. నన్ను నమ్మకపోయినా పర్వాలేదు. కానీ వాళ్ల నాయన ఆమెను పిలుచుకుపోవడానికి బయల్దేరాడు. అది నిజం అక్కా. ఆమె పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూసింది ఆ ఒక్క మాటకే. ఆ మాట నా దగ్గర పెట్టుకుని ఆయన పోయాడు. నువ్వూ నేనూ దాచిపెడితే ఆమెకు ఎవరు చెబుతారు? నా కేసు కోసం కాదు. బిడ్డ బయటికి రాకముందే ఆమెకు తెలియాలి.

ఎప్పుడు చెప్పాలో నీకు తెలుసు. చెప్పు.

నీ తమ్ముడు,
ఆనందు


తిరుపతి,
14 సెప్టెంబరు 2024

ఆనందుకు,

ముందు మంచి మాట. నీకు ఆడబిడ్డ. నెల ముందే వచ్చింది. పిడికెడంత ఉంది గానీ ఏడుపు వింటే మీ వ్యాను హారను నయం. స్రవంతి బతికింది. ఈ మూడు ముక్కలూ రెండోసారి చదువుకుని, తర్వాత కిందికి రా.

నీ మాట చెప్పాను. డాక్టరమ్మ పక్కన ఉండగా, మందు పడి ఆమె కొంచెం తేరుకున్న పూట చూసి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆయన నాతో అబద్ధమాడతాడు గానీ నాయన పేరు పెట్టి ఆడడు. అమ్మను పిలువు వదినా. నాయన బయల్దేరినాడో లేదో అమ్మకు తెలుస్తాది" అంది.

అమ్మ ఫోన్ ఎత్తితే కదా. ఇంతలో బీపీ మందులకు లొంగకుండా పోయింది. ఇంక ఆగకూడదు, నొప్పులు తెప్పించాలన్నారు. మా పురిటిగదిలో ఒక ఆడతోడును రానిస్తాం, తల్లి ఎవర్ని కోరుకుంటే వాళ్లను. నేను ఎట్లాగూ ఉంటాను కదా, మా చిన్నమ్మను పిలుస్తానంటే "నాకు మా అమ్మ కావాల" అని పళ్లు బిగించింది. దేవకమ్మకు ఫోన్ చేసి, ఫోన్ పట్టుకుపోయి మీ అత్త చెవి దగ్గర పెట్టమన్నాను. ఒకే మాట చెప్పాను: "బిడ్డ చావుబతుకుల్లో ఉంది, నిన్నే అడుగుతోంది."

వచ్చింది. వచ్చి తలుపు బయటే నిలబడింది. "నేను రాకూడదు తల్లీ. మొగుడు పోయిన మొగం, పురిటిగదికి చెడుపు" అంది. నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. "ఈ గదిలో ఆ లెక్క లేదు. దాని తల కాడ నిలబడి పేరు పెట్టి పిలువు" అన్నాను. పిలిచింది. బిడ్డ పుట్టేదాకా పిలుస్తూనే ఉంది. పుట్టాక స్రవంతికి ఫిట్స్ వచ్చాయి. ఇంజెక్షన్ ఎక్కించి, పళ్ల మధ్య నాలుక పడకుండా పక్కకు తిప్పి పట్టుకున్నాం. ఆ సమయంలో నేను ప్రార్థన కూడా మరిచిపోయాను, ప్రభువు క్షమించాలి.

స్రవంతి ఇంకా నీరసంగా ఉంది. బిడ్డ తక్కువ బరువు కాబట్టి ఒంటికి ఒళ్లు తగిలేట్టు గుండెకు కట్టుకోవాలి. తల్లికి శక్తి లేదు, అందుకని మీ అత్తకు కట్టాను. పొద్దస్తమానం కదలకుండా కూర్చుంటోంది.

ఆమె ఏమైనా అందా అని నన్ను అడగొద్దు.

అక్క


చిత్తూరు,
20 సెప్టెంబరు 2024

అక్కా,

ఆడబిడ్డ అని బ్యారక్‌లో అందరికీ చెప్పాను. క్యాంటీన్‌లో బిస్కెట్లు కొని పంచాను.

స్రవంతిని కాపాడినందుకు నీ కాళ్లకు మొక్కాలి. కానీ ఒక మాట అడుగుతాను. మా అత్త నీ ముందు కూర్చుని ఉంది, నువ్వు అడగలేదా? రాజారత్నం సార్ వచ్చి చెప్పాడు. "మీ అక్కకు ఫోన్ చేసి, ఆమెతో మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయమంటే చెయ్యనంటోంది, మీ అక్క మీ వైపా వాళ్ల వైపా" అన్నాడు.

నా బిడ్డ ఎంత ఉంటుందో చేతులు చాచి చూసుకుంటున్నాను. పిడికెడంత అన్నావు. నీ పిడికెడా, నా పిడికెడా?

ఆనందు


తిరుపతి,
28 సెప్టెంబరు 2024

ఆనందూ,

ఇప్పుడు రాయొచ్చు. ఈ జాబు అందేలోపే రాజారత్నం సార్ నీకు చెప్పి ఉంటాడు. అయినా నా నోటితో వినాలి నువ్వు.

మీ అత్త నాకు అంతా చెప్పింది. పోయిన జాబు రాసేనాటికే చెప్పింది. బిడ్డను గుండెకు కట్టుకుని కూర్చుని, నా మొహం చూడకుండా, బిడ్డ నెత్తి చూస్తూ చెప్పింది. "ఆ ఆదివారం పొద్దునే ఆయన పసుపు కుంకుమ, రవిక గుడ్డ అడిగి తీసుకున్నాడమ్మా. తోట కాడ అల్లుణ్ని ఎక్కించుకోని పోయి బిడ్డను పిలుచుకోని వస్తా అనె. మోహన సూస్తా ఉండె. వాడి గడప కాడ నిలబడతావా అని తోటకు వెంట పడి పోయె. నేను వంట చేసుకుంటా ఉంటి, పండగ మాదిరి. వాడు ఒక్కడే తిరిగొచ్చె. తోసినానమ్మా, బోరు మోటారు దిమ్మె తలకు తగిలిపాయె అనె."

నువ్వు అటు జైల్లో ఉన్నావు, ఇటు ఆమె గుండె మీద నీ బిడ్డ ఊపిరి తీస్తోంది.

"మొగుడు పాయె. కొడుకు కూడా పోతే నాకేముండాది అనుకుంటి. పరాయి బిడ్డ గదా జైల్లో ఉండేది అనుకుంటి. కూతురు పోతాదని యాడ అనుకుంటి?" అంది.

రాజారత్నం సార్ రికార్డు చేయమన్నది నిజమే. నా ఫోన్ నా జేబులోనే ఉంది. చేయి దాని మీదికి పోయింది ఆనందూ, అబద్ధం చెప్పను. నీ అక్కను నేను. కానీ బిడ్డను కట్టుకుని కూర్చున్న ఆడది మా వార్డులో ఏది చెప్పుకున్నా అది మా తలుపు దాటదు. భర్త కొట్టాడని చెప్పుకునే వాళ్లు, బిడ్డ ఎవరిదో చెప్పుకునే వాళ్లు, ఎందర్ని చూశాను! దాటుతుందని ఒక్కరికి తెలిసినా ఇంకెవరూ నోరు విప్పరు. ఆమెకు ఒకటే చెప్పాను. "ఈ మాట నీది అత్తా. నేను మోసుకోని పోను. నువ్వే తీసుకోని పోవాల." నిన్ను ఇంకొన్నాళ్లు అక్కడ ఉంచింది నేనే. కోపం ఉంటే ఉంచుకో, నాకు తగినదే.

స్రవంతి లేచి కూర్చునేదాకా ఆమె ఉంది. కూతురికి కూడా తనే చెప్పింది. నేను బయటికి వచ్చేశాను. లోపల స్రవంతి ఏడుపు వినబడింది. వాళ్ల నాయన పోయినప్పుడు కూడా ఆ పిల్ల అట్లా ఏడవలేదు. తర్వాత మీ అత్త బిడ్డను విప్పి కూతురి గుండెకు కట్టింది. కట్టు సరిగ్గా ఉందో లేదో నన్ను చూడమంది. ఉంది. ఒక్కతే పెనుమూరు బస్సెక్కింది. కొడుకును తనే స్టేషన్‌కు పిలుచుకుపోయిందని, వాడు ఎదురు చెప్పలేదని దేవకమ్మ ఫోన్ చేసింది.

స్రవంతి నీకు రాయమన్నది: "నాయన నన్ను పిలవను బయల్దేరినాడు, అది నువ్వు నాకు తెచ్చిస్తివి. ఇంగ నువ్వు రా." అమ్మ కోసం ఏడుస్తుంది, నీ కోసం ఏడుస్తుంది, అన్న కోసం కూడా ఏడుస్తుంది. నేను ఆపడం లేదు. బీపీ దిగింది.

అక్క


చిత్తూరు,
7 అక్టోబరు 2024

అక్కా,

నీ మీద కోపం రెండు దినాలు ఉంది. తర్వాత పోయింది. ఎట్ల పోయిందో చెబుతాను.

బెయిలు ఈ వారం వస్తుందని రాజారత్నం సార్ అన్నాడు. కేసు తీసేయడానికి ఇంకా టైం పడుతుందంట, మనిషిని మాత్రం ముందు వదిలేస్తారంట.

మొన్న మోహనను తెచ్చారు. వేరే బ్యారక్. నిన్న నీళ్ల తొట్టి కాడ ఎదురుపడ్డాడు. అక్కా, ఈ నాలుగు నెలలూ ఆ తోటలో ఎవరున్నారో తెలియకుండానే ఒక మొహాన్ని కొట్టినట్టు కలలు కన్నాను. ఇప్పుడు ఆ మొహం నా ముందుంది. చేతిలో బకెట్ ఉంది. వార్డరు అటు తిరిగి ఉన్నాడు. నాలో ఏం లేచిందో నేను రాయను, దీన్ని చదివేవాళ్లున్నారు.

వాడు పక్కకు పోలేదు. గడ్డం పెరిగిపోయి, వాళ్ల నాయన మాదిరే ఉన్నాడు. పెళ్లయిన నాటి నుంచి నన్ను ఒరే అనే పిలిచినోడు, తల దించుకుని "బావా" అన్నాడు. క్షమించమంటాడేమో, అంటే బకెట్ విసరాలని ఉంది నాకు.

అది అడగలేదు. "పాప ఎవరి మాదిరి ఉండాది బావా?" అన్నాడు.

"నేనూ ఇంకా సూడలేదు" అన్నాను.

తొట్టి నిండి నీళ్లు మా ఇద్దరి కాళ్ల మీదికి పారుతుంటే వార్డరు కేకేశాడు.

పాప ఫోటో ఒకటి తీసి పంపు అక్కా. మోహన పేరు మీద పంపు. నాకొద్దు, నేను వచ్చి చూస్తాను.

ఆనందు